ఏపీపీలు ఊళ్లలోకి వెళ్లాలా, ఫైళ్ల దగ్గరే ఉండాలా?

తాలూకాకోర్టు:
జిల్లా ప్రాసిక్యూషన్ కార్యాలయానికి నేర నివారణ పని కూడా అప్పగించాలా, వద్దా? అప్పగించాలన్నది నా వాదన. ఒకే బస్టాండు, ఒకే బెల్టుషాపు, ఒకే వీధి నుంచి ఏళ్ల తరబడి అవే సెక్షన్ల కింద కేసులు వస్తుంటాయి. ఈ సంగతి అందరికంటే బాగా కనిపించేది ఆ కోర్టు ఏపీపీకే (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే న్యాయవాదికే). స్టేషన్ ఎస్సైలు బదిలీ అవుతారు, ఫైళ్లు మాత్రం కోర్టులోనే ఉంటాయి. ఆ అవగాహన వాదనల దగ్గరే ఆగిపోతోంది. స్టేషన్‌కు ఒక ఏపీపీని కేటాయించి, నెలకోసారి గ్రామ సచివాలయంలోనో వార్డు కార్యాలయంలోనో జనంతో కూర్చోబెట్టాలి.

అమెరికాలో ఇది పాత పద్ధతే. ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జిల్లా అటార్నీ మైకేల్ ష్రంక్ 1990లో లాయిడ్ ప్రాంతానికి విడిగా ఒక ప్రాసిక్యూటర్‌ను వేశారు. అక్కడ దొంగతనాలు, మత్తుమందుల అమ్మకాలు ఎందుకు ఆగడం లేదో స్థానికులతో కలిసి చూడడమే ఆయన ముఖ్యమైన పని.

చార్జిషీట్:
పోర్ట్‌లాండ్ ఉదాహరణ మనకు అతకదు. అక్కడ ఎవరి మీద ఏ అభియోగం పెట్టాలో, ఎవరితో బేరం కుదుర్చుకోవాలో జిల్లా అటార్నీ చేతిలో ఉంటుంది. వీధిలో విన్నదాన్ని ఆయన తన నిర్ణయంలోకి తీసుకోగలడు. మన దగ్గర బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నేర విచారణ చట్టం) 193 కింద చార్జిషీటు వేసేది స్టేషన్ అధికారి. ప్రాసిక్యూటర్ దర్యాప్తులో భాగం కాదనీ, ఆయన అభిప్రాయం తీసుకున్నాకే చార్జిషీటు వేయాలని ఐఓను (దర్యాప్తు అధికారిని) బలవంతపెట్టకూడదనీ సరళ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. నిర్ణయాధికారం లేని మనిషిని జనం ముందు కూర్చోబెడితే వాళ్లకు దొరికేది ఉత్త హామీలే.

ఇంకో సంగతి. లాయిడ్ ప్రాంతంలో మొదటి ప్రాసిక్యూటర్ జీతానికి డబ్బు సమకూర్చింది అక్కడి వ్యాపారులే. అలాంటప్పుడు ముందు వినిపించేది దుకాణదారుడి ఫిర్యాదా, దుకాణం ముందు పడుకునేవాడి మొరా? మన ఊళ్లలో సమావేశానికి ఎవరొస్తారో, ఎవరు మాట్లాడతారో, ఎవరు గుమ్మం బయటే నిలబడతారో అందరికీ తెలుసు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ సమావేశంలో ఎవరో లేచి నడుస్తున్న కేసు గురించి ఒక మాట చెబుతారు. అది పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలం కాదు, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిందీ కాదు. విన్నది మాత్రం ఆ కేసు నడపాల్సిన ఏపీపీ. రేపు డిఫెన్సు ఆయన్నే సాక్షిగా పిలవమంటే? తాను సాక్షి కావాల్సి వస్తుందని నమ్మడానికి కారణం ఉన్న కేసులో న్యాయవాది హాజరు కాకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతోంది. మంచి ఉద్దేశంతో చేసిన పనే కేసును పాడుచేస్తుంది.

స్టేషన్‌డైరీ:
ఇద్దరూ సమావేశాల చుట్టే తిరుగుతున్నారు. ఏపీపీ చేయగల గట్టి నివారణ పని కుర్చీలోంచే జరుగుతుంది. గంజాయి కేసులు చూడండి. అమ్మేవాడు నిర్దోషిగా బయటికొచ్చి అదే సందులో మళ్లీ నిలబడ్డాడంటే, లోపం సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల కాగితాల్లోనే ఉంటుంది. మత్తుమందుల నిరోధక చట్టం ఎన్డీపీఎస్ 52ఏ ప్రకారం మేజిస్ట్రేటు ముందు జాబితా, నమూనాలు సరిగా జరగవు. సీలు వివరం పంచనామాలో ఒకలా, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపిన లేఖలో ఇంకోలా ఉంటుంది. సోదాకు సాక్షులుగా పిలిచే మధ్యవర్తులుగా ప్రతి కేసులో అవే రెండు పేర్లు. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 కింద సోదా, స్వాధీనం వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. వీడియోలో కనిపించే మూటలు నాలుగు, పంచనామాలో ఐదు ఉంటే ఆ కేసు అక్కడితో సరి.

ఇవన్నీ చార్జిషీటు కోర్టుకు చేరకముందే ఒక చూపు చూస్తే దొరికేవి. సరళ తీర్పు బలవంతపెట్టడాన్ని కాదంది గానీ, ఐఓ తనంతట తాను సలహా అడగడాన్ని కాదు.

వాడేవాళ్ల విషయం కూడా చెప్పాలి. కొద్ది పరిమాణంతో దొరికిన, మత్తుకు బానిసైనవాడు తానే చికిత్సకు ముందుకొస్తే ఎన్డీపీఎస్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి కొద్ది పరిమాణమంటే కిలో లోపు. పిల్లాడి కోసం స్టేషన్ చుట్టూ తిరిగే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సెక్షన్ ఉందనే తెలియదు. ఏపీపీ నోరు విప్పి కోర్టుకు చెబితే ఒక కుర్రాడు జైలుకు బదులు ఆసుపత్రికి వెళ్తాడు. ఇంతకంటే నేర నివారణ ఏముంటుంది?

న్యాయసహాయం:
స్టేషన్‌డైరీ గారితో ఏకీభవిస్తూనే, అందరూ వదిలేసిన దాని దగ్గరకొస్తాను. అది సాక్షుల రక్షణ. సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకంలో జిల్లా కమిటీకి జిల్లా జడ్జి అధ్యక్షులు, జిల్లా పోలీసు అధిపతి సభ్యులు, సభ్య కార్యదర్శి ఎవరో కాదు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి. దరఖాస్తు చేరాల్సింది ఆయన కార్యాలయానికే. అంటే సమాజంతో ఈ కార్యాలయానికి చట్టబద్ధమైన తలుపు ఇప్పటికే ఉంది. అది మూసి ఉండటమే సమస్య.

నడవాల్సిన తీరు ఇది. సాక్షి గానీ, కుటుంబసభ్యులు గానీ, వారి న్యాయవాది గానీ, ఐఓ గానీ నిర్ణీత నమూనాలో దరఖాస్తు ఇస్తారు. దాని మీద ఆ సబ్‌డివిజన్ ఏసీపీ లేదా డీఎస్పీ నుంచి బెదిరింపు అంచనా నివేదిక ఐదు పనిదినాల్లో రావాలి. అది అందాక మరో ఐదు పనిదినాల్లో కమిటీ దరఖాస్తును పరిష్కరించాలి. ప్రమాదం ముంచుకొస్తుంటే ఈలోపే మధ్యంతర రక్షణ ఇవ్వొచ్చు. ఇచ్చే రక్షణ ఒక్కసారికి మూడు నెలలు మించదు. అది ఎప్పుడూ ఇంటి ముందు సాయుధ కాపలా కానక్కర్లేదు. గస్తీ, ఫోన్ నంబరు మార్పు, ఇంటి దగ్గర కెమెరా, కోర్టుకు తోడు వెళ్లడం, విచారణలో నిందితుడి ఎదుట పడకుండా చూడడం వంటివి కూడా చాలు.

ఇది చాలాచోట్ల ఎక్కడ చెడుతుందంటే, సమన్లు తెచ్చే కానిస్టేబులు సాక్షికి ఈ పథకం సంగతి చెప్పడు. సాక్షి బోనెక్కేదాకా ఏపీపీ ఆ మనిషి ముఖం చూడడు. అప్పటికే ఊళ్లో రాజీ మాటలు అయిపోయి ఉంటాయి. సాక్షి ఎదురు తిరిగాక క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎంత గట్టిగా అడిగినా ప్రయోజనం తక్కువ. సాక్షిని బెదిరించడం బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి) 232 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరమని తెలుగులో రాసిన ఒక కాగితం సమన్లతో పాటు వెళ్లినా చాలా మారుతుంది. గ్రామసభకు వెళ్తే ఏపీపీ చెప్పాల్సింది ఇదే. కేసుల గురించి కాదు.

తాలూకాకోర్టు:
ఇది నా వాదనకు బలమే. చార్జిషీట్ గారు అధికారం లేదన్నారు. బీఎన్ఎస్ఎస్ 20 చూడండి. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసులను ప్రాసిక్యూషన్ డైరెక్టరు, ఏడు నుంచి పదేళ్ల లోపు కేసులను డిప్యూటీ డైరెక్టరు పర్యవేక్షించాలి. డిప్యూటీ డైరెక్టరు పోలీసు నివేదికను పరిశీలించే బాధ్యత కూడా అందులో రాసి ఉంది. ఏడేళ్ల లోపువి అసిస్టెంటు డైరెక్టరువి. సరళ తీర్పు వచ్చిన 2000 నాటి చట్టంలో ఇది లేదు.

బెయిలు విషయం కూడా కలపండి. తెలంగాణలో గొలుసు దొంగతనాల నిందితుణ్ని 1986 నాటి పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధించిన కేసులో, అతను సమాజానికి అంత ముప్పయితే ప్రాసిక్యూషన్ బెయిలు రద్దు కోరాల్సిందని సుప్రీంకోర్టు 2022లో చెప్పి, నిర్బంధం కొట్టేసింది. పన్నెండు నెలలు విచారణ లేకుండా లోపల పెట్టడానికి ఫైలు సిద్ధం చేయగలిగిన యంత్రాంగం, బెయిలు రద్దుకు నాలుగు పేజీల పిటిషను ఎందుకు వేయలేదు? ఎక్కువగా, షరతు ఉల్లంఘన సమాచారం ఏపీపీ దాకా రాకపోవడం వల్ల. సాక్షి ఇంటి చుట్టూ నిందితుడు తిరుగుతున్నాడని ముందు తెలిసేది ఊరికి. ఊరికీ ఏపీపీకీ దారి ఉండాలనేది అందుకే.

చార్జిషీట్:
సెక్షన్ 20 ఒప్పుకుంటాను. కానీ అది పర్యవేక్షణ, జనంతో సంబంధాలు కాదు. ఊరి నుంచి వచ్చే సమాచారం రాతపూర్వకంగా ఐఓకు చేరాలి, ఐఓ నుంచి ఏపీపీకి రావాలి. మధ్యలో అడ్డదారి తెరిస్తే ప్రాసిక్యూషన్ పోలీసు శాఖకు ఇంకో చెయ్యి అవుతుంది. ఏపీపీలు పోలీసు శాఖ నుంచి విడిగా ఉండాలని సుప్రీంకోర్టు షహానే కేసులో 1995లో చెప్పింది. ఇవాళ్టికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏపీపీ ఉద్యోగాల పరీక్ష నిర్వహించేది పోలీసు నియామక మండలే. ఇంత దగ్గరితనం ఉన్నప్పుడు స్టేషన్‌తో కలిసి వేదికెక్కితే నిందితుడి తరఫు కుటుంబం ఆయన్ని ఏమనుకుంటుంది? ప్రాసిక్యూటర్ న్యాయంగా ఉంటాడన్న నమ్మకం వాళ్లకూ కావాలి.

స్టేషన్‌డైరీ:
అయితే గోడ కట్టి పని చేయండి. సమావేశానికి వెళ్లిన ఏపీపీ ఆ స్టేషన్ కేసులు నడపకూడదు. నడుస్తున్న కేసు ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపి ఐఓకు రాసివ్వమనాలి. ఎవరు వచ్చారో, ఏ అంశం మాట్లాడారో రిజిస్టరులో పడాలి. స్కూళ్లకు వెళ్తే స్థానిక కేసు ఉదాహరణగా చెప్పకూడదు. పేరు చెప్పకపోయినా చిన్న ఊళ్లో బాధితురాలు ఎవరో నిమిషంలో తెలిసిపోతుంది, పిల్లల గుర్తింపును కాపాడాలన్న పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ఉద్దేశమే దెబ్బతింటుంది.

సామాజిక సేవ శిక్షకూ ఈ కార్యాలయం పనికొస్తుంది. ఐదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగిస్తే బీఎన్ఎస్ 303(2) కింద సామాజిక సేవ. ఎన్ని గంటలో, ఎవరు చూడాలో చట్టం చెప్పలేదు. ఏ ఆసుపత్రి తీసుకుంటుంది, హాజరు ఎవరు వేస్తారు అన్న జాబితా ముందే కోర్టు ముందు పెడితే ఆ శిక్షకు అర్థం ఉంటుంది.

చార్జిషీట్:
గోడ సరే, ఇటుకలు ఎక్కడివి? ఒక్క కోర్టు ఉన్న చోట ఏపీపీ ఒక్కరే. చాలాచోట్ల ఆ ఒక్కరికే పక్క కోర్టు ఇన్‌ఛార్జి. ‘సమావేశానికి వెళ్లినవారు కేసులు నడపకూడదు’ అనే నియమం అక్కడ ఎలా అమలవుతుంది?

అందుకే క్రమం మార్చమంటున్నాను. కేసు కొట్టేసిన ప్రతిసారీ లోపం ఎక్కడ జరిగిందో పోలీసు, ప్రాసిక్యూషన్ సీనియర్ అధికారుల స్థాయీ సంఘం చూడాలనీ, దాన్ని శిక్షణలో చేర్చాలనీ సుప్రీంకోర్టు 2014 జనవరిలో గుజరాత్ కేసు తీర్పులో ఆదేశించింది. దానికి ఒక గది, గత మూడు నెలల తీర్పులు చాలు. ఏ స్టేషన్లో ఏ లోపం తిరిగి తిరిగి వస్తోందో అక్కడే బయటపడుతుంది.

న్యాయసహాయం:
ఆ సంఘం ముందు ఒక గడి అదనంగా పెట్టించండి: సాక్షి ఎదురు తిరిగిన ప్రతి కేసులో, రక్షణ పథకం గురించి సాక్షికి ఏ తేదీన, ఎవరు చెప్పారు. ఆ గడి ఖాళీగా ఉన్న ఊళ్లకు ముందు వెళ్లండి. అక్కడ ఏపీపీ ఒక్కరే అయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీరును పంపించండి, దరఖాస్తు నమూనా చేతికిచ్చి.