లైటర్ పందెం ఎపిసోడ్: చివరి సీన్ మీద ఒక సందేహం

‘ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో 1960లో వచ్చిన ‘మ్యాన్ ఫ్రమ్ ద సౌత్’ ఎపిసోడ్ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ముగింపు చెప్పేస్తున్నాను.

లాస్ వేగాస్‌లో ఒక ముసలాయన (పీటర్ లోరీ) కుర్రాడితో (స్టీవ్ మెక్వీన్) పందెం కాస్తాడు. లైటర్ వరసగా పదిసార్లు వెలిగితే కారు కుర్రాడిది, ఒక్కసారి తప్పినా అతని చిటికెన వేలు ముసలాయనది. చెయ్యి బల్లకు కట్టేసి, పక్కన కత్తి పెట్టుకుని లెక్కపెడుతుంటే నాకు చెమటలు పట్టాయి. అంతలో ముసలాయన భార్య వచ్చి ఆపేస్తుంది. ఆ కారు ఆమెదేనట! ఆమె చేతికి మిగిలిన వేళ్లు చూపించగానే గుండె ఝల్లుమంది.

నా సందేహం దీని తర్వాతి ముక్క గురించి. పందెం ఆగిపోయాక కుర్రాడు మామూలుగా సిగరెట్ కోసం లైటర్ నొక్కితే అది వెలగదు. రోఆల్డ్ డాల్ రాసిన మూలకథ ఆమె చేతి దగ్గరే ఆగిపోతుంది కదా. మరి ఈ ముక్క టీవీ వాళ్లు ఎందుకు కలిపినట్టు? నాకైతే చేతి దగ్గర ఆపేసినా సరిపోయేదనిపించింది. మా తమ్ముడేమో లైటరే అసలు దెబ్బ అంటాడు. రెండూ తెలిసినవాళ్లు మీకేమనిపించిందో కాస్త చెప్పండి.

అలాగే, 1985లో ముసలాయన పాత్రకు జాన్ హ్యూస్టన్‌ను పెట్టి మళ్లీ తీసినదాన్ని చూడమంటారా, వద్దంటారా?