రెండె కులములా, రెండే కులములా?

ఖమ్మం పాఠకురాలు: జాక్ జాన్సన్ మీద వ్యాసం రాస్తున్నాను. 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి, హెవీవెయిట్ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి బాక్సర్. పైన, మంచి, చెడు తప్ప మనుషుల్లో వేరే కులాల్లేవన్న గురజాడ పాదం పెట్టాలి. "ఎంచి చూడగ రెండె కులములు" అనా, "రెండే" అనా?

విజయనగరం మాస్టారు: రెండె. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం, దాని నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ఎంచి, చూడగ, రెండె, కులములు. "రెండే" అంటే మాత్ర పెరిగి గతి చెడుతుంది.

అనంతపురం తమ్ముడు: లెక్క సరే మాస్టారూ, పాడేటప్పుడు అందరూ సాగదీస్తారు. కోపమంతా ఆ ఏకారంలోనే కదా ఉంది!

మాస్టారు: కోపం అక్కడ లేదు నాయనా, తర్వాతి పాదాల్లో ఉంది. "మంచి యన్నది మాల యైతే మాల నేనగుదున్."

తెనాలి అక్క: నా పేచీ ఆ "నేను" దగ్గరే. అది పైకులంలో పుట్టినవాడు అంటేనే విలువ. జాన్సన్ కథలో అలా అన్నదెవరు? అంతకుముందు హెవీవెయిట్ ఛాంపియన్ సలివన్ నల్లవాళ్లతో తలపడనని బాహాటంగా చెప్పాడు. తర్వాత జెఫ్రీస్ ఛాంపియన్‌గా ఉన్నన్నాళ్లూ వాళ్లకు టైటిల్ పోరులో అవకాశమే ఇవ్వలేదు. బర్న్స్ ఒప్పుకున్నది 30,000 డాలర్లకు, జాన్సన్‌కు దక్కింది 5,000. తెల్లవాళ్ల పరువు నిలపాలని రిటైరైన జెఫ్రీస్‌ను మళ్లీ రింగులోకి దింపారు. 1910 జూలై 4న, రీనోలో, పదిహేనో రౌండ్‌లో జాన్సన్ అతన్ని పడగొట్టాడు. ఆ కసితో ఎన్నో ఊళ్లలో నల్లవాళ్ల మీద పడ్డారు, ప్రాణాలు పోయాయి.

ఖమ్మం: అందుకే ఆ పాదం కావాలక్కా. రింగులో ఓడించలేక 1913లో మాన్ చట్టం కింద, అంటే అనైతిక పనులకు స్త్రీలను రాష్ట్రం దాటించడాన్ని నేరంగా చూసే అమెరికా చట్టం కింద, శిక్ష వేశారు, తెల్ల స్త్రీలతో సంబంధాలే అసలు నేరం. క్షమాభిక్ష 2018లో వచ్చింది, ఆయన పోయిన డెబ్భై ఏళ్లు దాటాక.

హైదరాబాద్ మిత్రుడు: రంగు వివక్షకు "కులములు" అతకదేమో. వేమన "ఉప్పు కప్పురంబు" పెట్టండి.

మాస్టారు: అస్సలు వద్దు. అక్కడ రంగు ఒకటే, రుచి వేరు. ఇక్కడ గొడవంతా రంగు దగ్గరే. పైగా గురజాడ, జాన్సన్ ఒకే కాలం మనుషులు. జాన్సన్ హవానాలో టైటిల్ పోగొట్టుకున్నదీ, గురజాడ కన్నుమూసిందీ 1915లోనే.

అనంతపురం: అది బావుంది మాస్టారూ. కానీ మాకు స్కూల్లో "మాల నేనౌతాను" అని నేర్పారు.

మాస్టారు: "నేనగుదున్" మాత్రమే. ఆ పొల్లు మీద ఆగితేనే పిడికిలి బిగుస్తుంది.

తెనాలి: పాత అచ్చు ప్రతి ఉన్నవాళ్లు ఆ పేజీ ఫొటో పెట్టండి. "రెండె" సంగతి కూడా అందులోనే చూద్దాం.