వ్యాసంలో ‘బుగ్గ’ అని రాస్తే తప్పా?

ప్రశ్న (నల్లగొండ):
నాలుగో తరగతి చదివే మా అమ్మాయి చెరువుగట్టు జాతర గురించి రాస్తూ, ‘నాన్న ఎర్ర బుగ్గ కొనిచ్చాడు’ అన్నది. ఉపాధ్యాయురాలు దాన్ని కొట్టివేసి ‘బెలూన్’ అని దిద్దారు. బుగ్గ అంటే చెంప మాత్రమేనట. మా ఇంట్లో జాతరలో కొనేదీ బుగ్గే, దూలానికి వేలాడే కరెంటు దీపమూ బుగ్గే. అసలు బెలూన్ అంటే ఏమిటి? దానికి తెలుగు మాట లేదా?

జవాబు 1 (మహబూబ్‌నగర్):
ఆ దిద్దుబాటు అనవసరమని నా అభిప్రాయం. పెద్ద బంతి అనే అర్థమున్న ‘పల్లోనే’ అనే ఇటాలియన్ మాటే ఫ్రెంచిని తాకి ఇంగ్లీషులో బెలూన్ అయింది. మొదట్లో అది గాలి నింపిన తోలు బంతికి, ఆ బంతితో ఆడే ఆటకు పేరు. రసాయనశాలలోని గుండ్రటి గాజు కుప్పెను కూడా అలాగే పిలిచారు. 1783లో ఫ్రాన్సులో మాంగోల్ఫియర్ సోదరులు వేడిగాలి సంచిని ఎగరేశాకే దానికి ఆకాశయాన అర్థం స్థిరపడింది. రబ్బరు బెలూన్ ఇంకా తరువాతిది. 1824లో మైకేల్ ఫారడే హైడ్రోజన్ ప్రయోగాల కోసం రెండు రబ్బరు పలకల అంచులను కలిపి నొక్కి, లోపలి ముఖాలు అతుక్కోకుండా పిండి చల్లి దాన్ని తయారు చేసుకున్నాడు. అంటే ఆ మాటకు ఆధారం ఎగరడం కాదు, గుండ్రంగా ఉబ్బి ఉండడం. మన బుగ్గకూ అదే ఆధారం: ఉబ్బిన చెంప, గాలి తిత్తి, గాజు దీపం, చివరికి నేలలోంచి ఉబికే ఊట కూడా. నెత్తిన ఎర్రదీపమున్న కారును పత్రికలు ‘ఎర్రబుగ్గ కారు’ అని రాసినప్పుడు ఎవరూ చెంపలున్న కారు అనుకోలేదు కదా!

జవాబు 2 (సూర్యాపేట):
ఏకీభవిస్తాను, కానీ అన్నిచోట్లా బుగ్గ కుదరదు. గుండె రక్తనాళంలోకి సన్నని గొట్టంతో పంపి, పూడిక దగ్గర ఉబ్బించేదాన్ని బెలూన్ అనడమే మేలు. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండెకు మొదటిసారి ఆ చికిత్స చేశారు. మా మామయ్య నేటికీ ‘నా లోపల బెలూన్ ఉంది’ అంటారు గానీ, పని కాగానే దాన్ని బయటికి తీసేస్తారు, ఉండిపోయేది స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం. బొమ్మల కథల్లో మాటలుండే గుండ్రటి గీతకూ బెలూన్ అనే పేరుంది.

జవాబు 3 (నల్లగొండ):
కొందరు ‘బుడగ’ వాడమంటారు. అది నీటి మీదిది, దానికి దారం కట్టలేము. పైగా బుడగ పగిలితే ఏమీ మిగలదు. బుగ్గ పగిలితే పిల్లలు ఆ రబ్బరు ముక్కను నోటితో పీల్చి, గోలీ అంత బుగ్గ చేసి, పక్కవాడి నుదుటి మీద ‘టప్’మనిపిస్తారు.