అప్‌డేట్: బ్రిటన్ పింఛనుతో స్పెయిన్‌లో బతకగలమా?
బ్రిటన్ ప్రభుత్వ పింఛనుతో లీడ్స్‌లోనే ఉండడం మేలా, స్పెయిన్‌లోని అలికాంటేకు మారడం మేలా అని నిరుడు అడిగాను. మేమిద్దరం రెండున్నర నెలలు అక్కడ అద్దెకుండి వచ్చాం. కూరగాయలు, పండ్లు, కాఫీ నిజంగానే చవక. కానీ జనవరిలో ఆ పలకల నేల ఇంట్లో వణికిపోయాం. అలా ఆదా అయిన డబ్బులో చాలా భాగం హీటరు కరెంటు బిల్లుకే పోయింది.

అసలు అడ్డంకి వీసా. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం) తర్వాత, ఉద్యోగం చేయకుండా అక్కడ స్థిరపడాలంటే దంపతులు నెలకు 3,000 యూరోల ఆదాయం చూపాలి. మా రెండు పింఛన్లు కలిపినా చాలవు.

విశాఖకు తిరిగి వెళ్లమని కొందరన్నారు. మనసు అక్కడే ఉంది. అయితే స్పెయిన్‌లో ఏటా పెరిగే ఈ పింఛను భారత్‌లో ఉంటే పెరగదు. ఇన్నేళ్లు చందా కట్టిన మాకు ఇది అన్యాయం. ప్రస్తుతానికి లీడ్స్‌లోనే ఉంటూ, వీసా అక్కరలేని 90 రోజుల్లోపు అలికాంటేకు వెళ్లివస్తాం.