కాజీపేట నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖాన దాక రోజూ ఎలక్ట్రిక్ సైకిల్ మీద పోవచ్చా?

కాజీపేట_పోరడు:
అందరికి నమస్తే. నేను ఎంజీఎం దగ్గర ఒక మెడికల్ షాపుల పని చేస్త, ఇల్లు కాజీపేటల. పోను పది పన్నెండు కిలోమీటర్లు, రాను గంతే. ఇన్ని రోజులు ఇంట్ల ఉన్న స్కూటీ వాడిన, ఇప్పుడు అది చెల్లె కాలేజీకి పోతది. పెట్రోల్ చూస్తే నూరు దాటి కూసున్నది, ఇంకో బండికి ఈఎంఐ కట్టే తాకత్ లేదు. ముప్పై ఐదు వేలల ఒక ఎలక్ట్రిక్ సైకిల్ చూసిన, 36 వోల్టుల 7.5 ఏహెచ్ బ్యాటరీ, 250 వాట్ల మోటర్, షాపాయన నలభై కిలోమీటర్లు వస్తది అంటుండు, లైసెన్స్ రిజిస్ట్రేషన్ ఏం అవసరం లేదంటుండు. నిజమేనా? ఎండకాలం మన దిక్కు 44 కొడ్తది గదా, బ్యాటరీకి ఏమన్న అయితదా? ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతదా? దోస్తులు సైకిలా అని నవ్వుతున్నరు, వాళ్ల సంగతి ఇడిసిపెట్టుండ్రి, వాడేటోళ్లు ఉంటే చెప్పుండ్రి.

సుబేదారి_సైకిల్:
తమ్మి, నేను సుబేదారి నుంచి వరంగల్ స్టేషన్ దిక్కు దీని మీదనే పోతున్న. షాపాయన చెప్పిన నలభై అబద్ధమని అనను గని అది నువ్వు కూడ తొక్కితే, రోడ్డు సాపుగ ఉంటే, ఎదురుగాలి లేకుంటే వచ్చే లెక్క. నువ్వే లెక్క వేస్కో. 36 వోల్టులని 7.5 ఏహెచ్‌తోని గుణిస్తే 270 వాట్ అవర్స్, అంటే బ్యాటరీల పట్టే కరెంటు. కాళ్లు కదపకుంట స్కూటీ లెక్క ఉత్త థ్రాటిల్ తిప్పుకుంట పోతే కిలోమీటర్‌కు పదిహేను వాట్ అవర్స్ దాక తింటది, అంటే పద్దెనిమిది కిలోమీటర్లకే ఖతం. పెడల్ అసిస్ట్‌ల పెట్టి, అంటే నువ్వు తొక్కుతుంటే మోటర్ సాయం చేసేటట్టు పోతే తొమ్మిదికి అటిటు, ముప్పై దాక లాగుతది. గందుకే థ్రాటిల్ మీదనే పోత అంటే రాత్రి వాపస్ వచ్చేటప్పుడు హన్మకొండ చౌరస్తా కాడికే పానం ఇడుస్తది, ఆడికెల్లి ఇరవై కిలోల పైన బరువున్న సైకిల్‌ని ఉత్తగ తొక్కాలె, మోకాళ్లు పడిపోతయ్.

షాపుల చార్జింగ్ పెట్టుకుంటే ఈ లొల్లే లేదు. 2 ఆంపుల చార్జర్‌తోని నాలుగు గంటలల్ల నిండుతది, కరెంటు యూనిట్‌ల మూడో వంతు కాలుతది, యూనిట్‌కు ఐదు రూపాయలు వేసుకున్నా ఒక్కసారికి రెండు రూపాయలు. మీ ఓనర్ ఏం అనడు. కాకపోతే తాళం తీస్తే ఫ్రేమ్ నుంచి బయటికొచ్చే బ్యాటరీ ఉన్న మోడలే తీస్కో, ఫ్రేమ్‌ల బిగించేసినవి వద్దు, సైకిల్‌ని మెడికల్ షాపులకు ఎక్కించుకుంట కూసుంటవా?

బ్రిడ్జి ఎక్కుతది. గేర్ తగ్గించి నువ్వు కూడ తొక్కాలె. ఉత్త థ్రాటిల్ మీద ఎక్కిస్తే సగం కాడ స్లో అయి మోటర్ కాగుతది.

లైసెన్స్ ముచ్చట నిజమే. మోటర్ 250 వాట్ల లోపల, స్పీడ్ 25 లోపల, బ్యాటరీ తీసేసినంక బరువు 60 కిలోల లోపల ఉండాలె. కొందరు షాపోళ్లు స్పీడ్ లాక్ తీసి 40 స్పీడ్ పోయేటట్టు చేసి ఇస్త అంటరు, ఆశ పడకు. అట్ల చేస్తే అది సైకిల్ కిందికి రాదు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్ని కావాలె. రేపు ఎవలికన్న తాకితే ఎవ్వడు నీ దిక్కు నిలవడడు.

ములుగురోడ్_మామ:
కోపానికి రావద్దు గని నాకైతే ఇది నచ్చలే. రోజుకు ఇరవై నాలుగు కిలోమీటర్లు, పోను అరగంట పైన, రాను అరగంట పైన, రాత్రి లారీల పక్కపొంటి 25 స్పీడ్‌తోని. ఇంకొన్ని పైసలు జమ చేసి రిజిస్ట్రేషన్ అయ్యే ఎలక్ట్రిక్ స్కూటర్ తీస్కో, రాష్ట్ర సర్కారు 2024 నవంబర్‌ల తెచ్చిన పాలసీ కింద 2026 డిసెంబర్ దాక రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉన్నది. రేపు పెండ్లయితే ఎనక ఎవలు కూసుంటరు దీని మీద?

కాజీపేట_పోరడు:
మామా, ఈఎంఐ కట్టలేనని ముందే చెప్పిన గదా 😅 పెండ్లి అప్పటికి చూద్దాం.

టీచరమ్మ_హన్మకొండ:
నేను బాలసముద్రం స్కూల్‌కు వాడుత, దగ్గరే. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక పొద్దుగాల నిలవడే జాగ కూడ దొరకడం లేదు, గందుకే కొన్న. చీర కట్టుకునేటోళ్లు చైన్ కవర్ ఉన్నదే చూసుకోండి. వానకు భయపడే పని లేదు, గని 2023 జూలైల నయీంనగర్ నాలా పొంగినట్టు రోడ్డు మీద నీళ్లు నిలిస్తే దిగి పక్క గల్లీ పట్టుకోండి, మోటర్ చక్రంలనే ఉంటది, జల్లులకు తట్టుకుంటది, మునిగితే కాదు.

పంచర్_పటేల్:
పంచర్ సంగతి ఎవ్వలు ఎత్తలే, రోజు వాడేటోనికి అదే అసలు పరేషాన్. ఎనక చక్రంల మోటర్ ఉంటది గదా, పంచర్ షాపాయన మామూలు సైకిల్ అనుకోని పానా పట్టుకొని చక్రం ఊడదీయబోతడు, నువ్వు ఆపు. చక్రం తియ్యకుంటనే అయితది. సైకిల్ పక్కకు పండవెట్టి, టైరు ఒక దిక్కు అంచు రిమ్ము మీదికెల్లి లేపి, ట్యూబు బయటికి గుంజి, నీళ్లల్ల ముంచి బుడగ ఎక్కడొస్తదో చూసి, గరుకు పట్టి సొల్యూషన్ రాసి ప్యాచ్ వెయ్యాలె. ట్యూబే మార్చుడు పడితే ముందు మోటర్ వైరు కనెక్టర్ ఊడదియ్యి, నిలువుగ గుంజాలె, తిప్పితే లోపల పిన్నులు వంగుతయ్. ఇరుసు మీద పన్ను ఉన్న వాషర్ ఒకటి ఉంటది, అది ఏ తీరుగ ఉన్నదో ఫోన్‌ల ఫోటో కొట్టుకో, మళ్ల అదే తీరుగ ఎక్కియ్యాలె, లేకుంటే మోటర్ గుంజినప్పుడు ఇరుసే తిరిగి వైరు తెంపుకుంటది. గదంత రాత్రి పదింటికి రోడ్డు మీద పెట్టుకోకు, టైర్లల్ల హవా ఎప్పుడు ఫుల్ ఉంచు.

ఎండ సంగతి: బ్యాటరీ నిండ చార్జ్ అయి ఎండల ఉంటే తొందరగ పాడైతది. నడిపినంక ఎంబడే చార్జింగ్ పెట్టకు, చల్లబడనియ్. షాపుల ఫ్యాన్ కింద పెట్టుకో. వేరే చార్జర్ పిన్ను పట్టిందని అస్సలు పెట్టకు.

కాజీపేట_పోరడు:
థ్యాంక్స్ అన్న, గింత వివరంగ ఎవ్వలు చెప్పలే. ఓనర్‌ను అడిగిన, చార్జింగ్‌కు సరే అన్నడు. బ్యాటరీ తీసుకునేటట్టే ఉన్నది. ఒక్కటే, సైకిల్ షాపాయన బ్యాటరీకి రెండేండ్ల వారంటీ అని నోటితోని అంటుండు, రాసియ్యమంటే నసుగుతుండు.

సుబేదారి_సైకిల్:
రాసియ్యకుంటే కొనకు తమ్మి. కొత్త బ్యాటరీ అంటే పది వేలకు అటిటు అయితది. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబర్ కూడ ఎక్కియ్యమను, బ్యాటరీ మీద స్టిక్కర్ ఉంటది, నువ్వే చూసి కలుపుకో.