‘చలికాలంలో ఓ ముక్క కొరికేశాను’: కథ ముగించే మాట గురించి

‘కథ కంచికి, మనం ఇంటికి’ గురించి ఇక్కడ మాట్లాడుకున్నప్పటి నుంచీ ఇది రాద్దామనుకుంటున్నాను. అలాస్కాలో కోయుకాన్ అనే భాష ఉంది, అక్కడి మూలవాసులది, అథబాస్కన్ అనే భాషాకుటుంబంలోది. ఆ కుటుంబంలో ఒక్క అలాస్కాలోనే 11 భాషలున్నాయి, అమెరికా మూలవాసుల భాషలైన నవాహో, అపాచీలు కూడా వీటికి చుట్టాలే. కోయుకాన్ వాళ్లు పాతకాలపు కథ చెప్పి, చివర్లో అనే మాటకి దాదాపుగా అర్థం ఇది:

‘చలికాలం ఇప్పుడే మొదలైందనుకున్నాను, అప్పుడే అందులో ఓ ముక్క కొరికేశాను.’

డిసెంబర్‌లో అక్కడ సూర్యుడు నాలుగు గంటలు కనిపిస్తే గొప్ప. ఈ కథలు ఆ చీకట్లోనే చెప్పాలి, పొద్దు పెరగడం మొదలయ్యాక చెప్పకూడదు, అప్పుడిక పొడుపు కథలు. అంటే కథ చెప్పడం ఊరికే కాలక్షేపం కాదు, చలికాలాన్ని కాస్త తరిగించే పని. ఆ ‘కొరికేశాను’లో ఆ పనంతా ఉంది.

ఇక మొదలు. ఈ కథల్ని ‘కాదొన్‌త్సిద్నీ’ అంటారు (మొదటి ‘క’ గొంతు లోపల్నుంచి పలకాలి, దానికి మన లిపిలో అక్షరం లేదు). సుమారుగా ‘ఎప్పుడో దూరకాలంలో, అంటారు’ అని. ఆ ‘అంటారు’ చూశారా? మన ‘అనగనగా’లో ఉన్నదీ ‘అను’ ధాతువే, ‘ఉన్నాడట’లో ‘ట’ చేసే పనీ అదే. నేను చూసింది కాదు, నాకు చెప్పారు, నేను మీకు చెప్తున్నాను.

హుస్లియా ఊరి కథకురాలు కేథరిన్ ఆట్లా చెప్పిన కథల్ని కోయుకాన్ ఇంటిభాషగా ఉన్న ఎలైజా జోన్స్ అక్షరాల్లో పెట్టారు, 1983లో ఇంగ్లీషుతో పాటు పుస్తకంగా వచ్చాయి. పుస్తకం పేరుకి అర్థం ‘మా తాత చెప్పినట్టుగా’. అట్ట మీదే ‘ట’ ఉన్నట్టు!

ఇదంతా ఎందుకంటే, మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి ఫోన్‌లో ఉంటే పోయినేడు టైపు చేశాను. ‘పేదరాశి పెద్దమ్మ ఉందట, ఆవిడింటికి ఓ రాకుమారుడు వచ్చాడట, ఆకలేస్తోందన్నాడట’ అని ఆవిడ వరసగా చెప్పుకుంటూ పోతే, ఇన్ని ‘ట’లు ఎందుకని తీసేసి ‘ఉండేది, వచ్చాడు, అన్నాడు’ అని సరిచేశాను, మధ్యలో నేను కొట్టిన ‘ఊ’లు కూడా తీసేశాను. చదివితే అమ్మమ్మ లేదు అందులో. మళ్లీ మొదటి నుంచి విని, ఒక్కో ‘ట’ వెనక్కి పెడుతున్నాను.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ చలికాలంలోనే చెప్పాలన్న కథని అచ్చు వేస్తే ఎండాకాలంలో కూడా చదివేస్తాం కదా? అది తప్పు కాదా?

జవాబు: ఆ బెంగ నాకూ ఉందండీ. పుస్తకానికి కాలం తెలియదు. అందుకే ఆ ముగింపు మాట అచ్చులో ఉండి తీరాలంటాను. మే నెలలో చదివేవాడికైనా ‘ఇది చలిరాత్రి చెప్పిన మాట’ అని తెలుస్తుంది. తర్జుమాలో ‘పునరుక్తి’ అని దాన్ని కొట్టేస్తే మిగిలేది కథాసారాంశమే.

రాయకపోతే కథలు చెప్పేవాళ్లతోనే పోతాయి, అది కూడా చూడాలి కదా. అలాస్కాలోనే కెనాయ్ అనే ఊళ్లో పీటర్ కాలిఫోర్న్‌స్కీ అని ఓ పెద్దాయన (1911–1993), ఆయన భాష డెనాయినా, అదీ అథబాస్కనే, ఆ ఊరి మాండలికం వచ్చిన ఆఖరి కొద్దిమందిలో ఒకరు. అరవై దాటాక తన భాష రాయడం నేర్చుకుని, ఎవరో టేపు విని రాయడం కాకుండా, తన చేత్తో తనే కథలు రాసుకున్నారు. 1991లో వచ్చిన ఆయన పుస్తకానికి ఉన్న డెనాయినా పేరుకి అర్థం ‘మిగిలిన కథలు’.

మీ ఇళ్లలో ‘కంచికి’ కాకుండా వేరే ముగింపు మాట ఉంటే ఇక్కడ రాయండి. పెద్దవాళ్లు ఎలా అంటారో అలాగే, ‘ట’ తీయకుండా.