లీజు భూమిలో రాక్షసగుళ్ళు, పాటిదిబ్బ: సోలార్ పనులు మొదలవకముందే ఏం చేయాలి?

మెట్టచేను:
రాయలసీమలో ఒక ఊళ్ళో సోలార్ ప్లాంటుకు 300 ఎకరాల దాకా లీజు మాట్లాడుతున్నారు. అందులో గట్టు వారన గుండ్రంగా పేర్చిన బండరాళ్ళు పద్నాలుగు చోట్ల ఉన్నాయి, ఊళ్ళో రాక్షసగుళ్ళంటారు, అవి పాతకాలపు సమాధులట. దిగువన బూడిదరంగు మన్నున్న పాటిదిబ్బ (పాత ఊరి ఆనవాళ్ళున్న దిబ్బ) ఉంది. దున్నితే కుండపెంకులు, ఇనుప చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి) తేలతాయి. ఏదీ రక్షిత జాబితాలో లేదు. "మేం పునాదులు తవ్వం, ఇనుప స్తంభాలు దిగ్గొడతాం, అంతే" అని కంపెనీవాళ్ళ మాట. ఎంతవరకు నమ్మొచ్చు? ఏ దశలో ఏం అడగాలి?

సైట్ సివిల్:
స్తంభాల మాట నిజమే. కానీ అసలు నష్టం వాటితో కాదు, అంతకుముందు చేసే చదునుతో. డోజరు ముందుగా తోసేసేది ఆ బండరాళ్ళనే. వలయం పోతే కింద సమాధి ఎక్కడుందో చెప్పే గుర్తే ఉండదు. తర్వాత కేబుల్ ట్రెంచ్‌లు: డీసీ కేబుల్‌కు 60-80 సెంటీమీటర్లు, 33 కేవీకి మీటరు పైనే. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు, రోడ్లు, కంచె గుంతలు అదనం. పైగా సీమ గట్టి నేలలో స్తంభం ఊరికే దిగదు. ఆగర్‌తో (నేలను తొలిచే మరతో) 25-30 సెంటీమీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు బోరు వేసి కాంక్రీటు పోస్తారు. రాతి పలకల సమాధి మీద ఆ బోరు పడితే మూతబండ పగులుతుంది, లోపలి కుండలు నలిగిపోతాయి.

కాబట్టి అడగాల్సింది లేఅవుట్ గీసే ముందే. లెక్క చూడండి: 10 మీటర్ల వ్యాసమున్న వలయం చుట్టూ 15 మీటర్లు వదిలితే పోయేది 0.31 ఎకరం. మెగావాట్‌కు 4-5 ఎకరాలనుకుంటే తగ్గే సామర్థ్యం 60-80 కిలోవాట్లు. అంత పెద్ద ప్లాంటుకు ఇది భారం కాదు. అయితే వలయానికో ముక్క చొప్పున వదలమనకండి, సమాధులు వలయాల మధ్య కూడా ఉంటాయి. మొత్తం గుంపు చుట్టూ ఒకే హద్దు గీసి, యంత్రాలు దిగకముందే కంచె వేయించండి.

పెంకులపని:
హద్దు గీయాలంటే ముందు సర్వే కావాలి. దుక్కి దున్ని, ఒక వాన పడ్డాక 5 మీటర్ల ఎడంగా వరుసల్లో నడవండి. 20 మీటర్ల గళ్ళు వేసుకుని గడికెన్ని పెంకులో లెక్కరాయండి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులను, చిట్టెం ముక్కలను, ఎముకలను, నూరిన రాతి గొడ్డళ్ళను విడివిడిగా రాయాలి. ఏదీ ఇంటికి తేకూడదు, ఫొటో చాలు. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు తప్పుతుంది కాబట్టి ఎఫ్‌ఎంబీ (ప్రభుత్వ భూకొలతల పుస్తకం)లో చూపిన హద్దురాళ్ళ నుంచి టేపుతో కొలిచి సరిచూసుకోండి.

చిన్న రాళ్ళను వదిలేయకండి. నారాయణపేట జిల్లా ముడుమాలలో ఎత్తైన నిలువురాళ్ళతో పాటు చిన్న రాళ్ళ వరుసలూ ఉన్నాయి. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అలాంటి చిన్న వరుసలనే చదునులో చెత్తరాళ్ళని ఏరేస్తారు.

తర్వాత యంత్రాలు. పాటిదిబ్బ మీద కాలిన మన్ను, బూడిద ఉంటాయి కాబట్టి మాగ్నెటోమీటర్ (నేల అయస్కాంత బలంలో తేడాలు కొలిచేది) బాగా పట్టుకుంటుంది: మీటరు ఎడంతో వరుసలు. దగ్గర్లో నల్లరాతి డైక్ (గోడలా నేలలోకి దిగిన రాతి పొర) ఉంటే మాత్రం దాని అయస్కాంత బలం మిగతాదంతా కమ్మేస్తుంది. జీపీఆర్ (నేలలోకి రాడార్ తరంగాలు పంపి చూసేది) ఎర్ర ఇసుకనేలలో పనిచేస్తుంది, నల్లరేగడి సిగ్నల్‌ను మింగేస్తుంది. రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి అడ్డంకిని కొలిచేది) వానలయ్యాకే చేయాలి, ఏప్రిల్ ఎండిన నేలలోకి కరెంటు దిగదు. అన్నిటికన్నా ముఖ్యం: స్తంభాలు, కంచె రాకముందే మాగ్నెటోమీటర్ పని అయిపోవాలి. ఇనుము నిలబడ్డాక రీడింగులకు అర్థం ఉండదు.

దస్త్రం:
సోలార్ పీవీకి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అందుకే "నేల కింద ఏముంది" అని అడిగే సందర్భం ఆ దారిలో రాదు. కేంద్ర చట్టంలో కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణ నిషేధం, ఆపై 200 మీటర్ల నియంత్రణ కేంద్ర రక్షిత కట్టడాలకే. మీ చేతిలో ఉన్నది లీజు పత్రం. సర్వే నంబర్లు, మ్యాపు, ఫొటోలతో రాష్ట్ర పురావస్తు శాఖకు, కలెక్టర్‌కు, తహసీల్దార్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పనిలో ఏదైనా బయటపడితే 1878 నాటి నిధి చట్టం ఉంది: 10 రూపాయలకు మించిన విలువైనది నేలలో దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. "దొరికిన చోట పని ఆపాలి" అన్న షరతు లీజులోనే రాయించండి.

మెట్టచేను:
దిబ్బ మీద తవ్వకుండా కాంక్రీటు దిమ్మెలు పైన పెట్టి ప్యానెళ్ళు బిగిస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

సైట్ సివిల్:
పాటిదిబ్బ మీద వద్దండీ. బూడిదమన్ను మెత్తన, దిమ్మెలు ఒకవైపు కుంగుతాయి. సరిచేయడానికి మళ్ళీ తవ్వుతారు. ప్యానెల్ దిగువ అంచు నుంచి వాన నీరు ఒకే గీతలో పడి ఆ మన్నును కోసేస్తుంది, నాలుగు వానలకే పెంకులు బయటపడతాయి. గట్టి ఎర్రనేల చదునుగా ఉన్న అంచుల్లో అయితే సరే: జియోటెక్స్‌టైల్ (నేలమీద పరిచే గట్టి గుడ్డ) పరిచి, కంకర పోసి, దిమ్మె పెట్టాలి. కేబుల్ నేలమీదే ట్రేలో పోవాలి. లారీలు తడినేలలో తిరగకూడదు, చక్రం గాడి ఒక అడుగు లోతు దిగుతుంది. లీజు ముగిశాక సామాను ఎలా తీస్తారో కూడా ఇప్పుడే రాయించండి. హద్దు పక్కన ఉన్న స్తంభాలను పీకకుండా నేల మట్టానికి కోసేయాలి, పీకితే చుట్టూ మన్ను పెకలివస్తుంది.